డేటాబేస్ నుంచి స్కీమాకు సరిపోయే ఎక్స్‌ఎంఎల్: బరంపురం వైపు నుంచి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గునుపురం, రాయగడ. ఒడిశాలోని ఈ ఊళ్లలో కొట్లకూ, మిల్లులకూ, చేనేత సంఘాలకూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసిపెట్టే మన తెలుగు కుర్రాళ్ల నుంచి నెలాఖరుకి ఫోన్లు వస్తాయి. "అన్నా, వాళ్లు ఎక్స్‌ఎస్‌డి పంపారు, మా ఫైల్ దానికి సరిపోవట్లేదట" అని మొదలవుతుంది. వాళ్లంటే ఫైల్ తీసుకునే అవతలివాళ్లు, బ్యాంకుల్లాంటివాళ్లు. ఫైలంటే ఎక్స్‌ఎంఎల్, డేటాను ట్యాగ్‌ల మధ్య రాసేది. ఎక్స్‌ఎస్‌డి అంటే ఆ ఫైల్ ఎలా ఉండాలో చెప్పే నియమాల పత్రం, స్కీమా అన్నా అదే. అడిగేవాళ్లు మారతారు గానీ సందేహాలు మారవు. అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. ఉదాహరణల్లో ఎక్కువగా పట్టుచీరల హోల్‌సేల్ కొట్టు బిల్లులే తీసుకున్నాను.

## మొదలుపెట్టే ముందు

బ్రౌజర్‌లో ఫైల్ బాగానే తెరుచుకుంటోంది. అయినా తప్పంటున్నారేంటి?

బ్రౌజర్ చూసేది ఒక్కటే: తెరిచిన ట్యాగ్‌లు సరిగ్గా మూశారా లేదా. అది వ్యాకరణం. స్కీమా అడిగేది వేరు. బిల్లు నంబర్ తప్పనిసరా, తేదీ ఏ రూపంలో ఉండాలి, ఏ ట్యాగ్ తర్వాత ఏది రావాలి, ఒక బిల్లులో కనీసం ఎన్ని వరుసలుండాలి, ఇవన్నీ ఎక్స్‌ఎస్‌డి ఫైల్‌లో రాసి ఉంటాయి. మొదటి పరీక్ష పాసైనంత మాత్రాన రెండోది పాసైనట్టు కాదు. ఎక్స్‌ఎంఎల్ 1.0 వచ్చింది 1998లో. ఎక్స్‌ఎస్‌డి 2001లో ప్రమాణమైంది, దాని 1.1 వెర్షన్ 2012లో వచ్చింది. మీకు వచ్చిన స్కీమా 1.0దో 1.1దో ముందే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఉచితంగా దొరికే చెకర్లలో చాలా వాటికి 1.1 రాదు.

ముందు మా టేబుళ్లు చూడాలా, వాళ్ల ఎక్స్‌ఎస్‌డి చూడాలా?

ఎక్స్‌ఎస్‌డి. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. టేబుళ్ల నుంచి మొదలుపెడితే మన దగ్గర ఉన్నదంతా పంపాలనిపిస్తుంది, వాళ్లు అడిగింది మాత్రం ఒకటి రెండు తప్పిపోతుంది. కాగితం మీద మూడు నిలువు గీతలు గీయండి. మొదటి దాంట్లో స్కీమాలోని ఎలిమెంట్ (అంటే ట్యాగ్) పేరు, రెండో దాంట్లో దాని నియమం (తప్పనిసరా, ఎన్నిసార్లు రావచ్చు, ఏ రకం, ఎంత పొడవు), మూడో దాంట్లో మన టేబుల్, కాలమ్. మూడో గడి ఖాళీగా మిగిలిన చోటే అసలు పని ఉంటుంది. తప్పనిసరి ఎలిమెంట్‌కి మన దగ్గర కాలమే లేకపోతే ఆ విషయం కోడ్ రాయకముందే కొట్టు యజమానితో మాట్లాడాలి.

ఒక చిన్న సంగతి. ఎక్స్‌ఎస్‌డిలో ఎన్నిసార్లు రావాలో ఏమీ రాయకపోతే "లెక్కలేదు" అని కాదు అర్థం. సరిగ్గా ఒక్కసారి రావాలని.

మాది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. ఒక్క క్వెరీతో ఎక్స్‌ఎంఎల్ వచ్చేయదా?

మీ స్కీమా ఆకారంలో రాదు. మైఎస్‌క్యూఎల్ కమాండ్ లైన్‌లో ఎక్స్‌ఎంఎల్‌గా చూపించే ఆప్షన్ ఉంది గానీ అది వరుస, ఫీల్డ్ అనే తన సొంత ఆకారంలోనే ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ వాడేవాళ్లకు ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోని ఎక్స్‌ఎంఎల్ ఫంక్షన్లు ఉన్నాయి: ఎక్స్‌ఎంఎల్‌ఎలిమెంట్, ఎక్స్‌ఎంఎల్‌ఫారెస్ట్, ఎక్స్‌ఎంఎల్‌ఆగ్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫర్ ఎక్స్‌ఎంఎల్ పాత్ ఉంది, 2005 వెర్షన్ నుంచి. మైఎస్‌క్యూఎల్ వాళ్లు డేటాను మామూలుగా తీసుకుని పైథాన్‌లోనో జావాలోనో పీహెచ్‌పీలోనో ఎక్స్‌ఎంఎల్ కట్టుకోవడమే మంచిది.

స్ట్రింగులు కలుపుతూ ట్యాగ్‌లు నేనే రాసేస్తే తప్పేంటి?

మొదటి వంద బిల్లులకు ఏమీ కాదు. నూటొకటో బిల్లు "అండ్ సన్స్" అని పేరున్న కొట్టుది అవుతుంది, పేరులో & గుర్తు ఉంటుంది, ఫైల్ మొత్తం పాడవుతుంది. ఎక్స్‌ఎంఎల్ రాసే లైబ్రరీ అయితే &, < లాంటి గుర్తులను తనే మార్చి రాస్తుంది. విలువను సీడేటా విభాగంలో (లోపలి గుర్తులను ట్యాగ్‌లుగా చూడొద్దని చెప్పే చోటు) పెట్టేస్తే సరిపోతుందని కొందరు అంటారు. అది ఆ రెండు గుర్తుల వరకే పనికొస్తుంది. పాత డేటాలో కనబడకుండా దాక్కున్న కంట్రోల్ అక్షరాలను ఎక్స్‌ఎంఎల్ 1.0 ఎక్కడా ఒప్పుకోదు, సీడేటాలో కూడా. ట్యాబ్, లైన్ మార్చే రెండు గుర్తులు, ఈ మూడు తప్ప 32 కంటే చిన్న కోడ్ ఉన్న అక్షరాలన్నీ తీసేయాల్సిందే. ఎక్సెల్ నుంచో పాత డాస్ ప్రోగ్రామ్ నుంచో తెచ్చిన డేటాలో ఇవి తప్పకుండా ఉంటాయి.

## క్వెరీ రాసేటప్పుడు

జాయిన్ చేస్తే బిల్లు వరుసలు రెండింతలు, మూడింతలు అవుతున్నాయి

ఒక బిల్లుకి నాలుగు చీరల వరుసలు, మూడు చెల్లింపులు ఉన్నాయనుకోండి. రెండు టేబుళ్లనూ ఒకేసారి బిల్లుతో జాయిన్ చేస్తే పన్నెండు వరుసలు వస్తాయి. ఒకేలా ఉన్న వరుసలను ఒకటి చేసే డిస్టింక్ట్ పెట్టి దీన్ని దాచకండి. ఒకే ధరకు ఒకే రకం చీర రెండు వరుసల్లో నిజంగానే ఉంటే అదీ పోతుంది, మొత్తం తప్పుతుంది.

ఎక్స్‌ఎంఎల్ చెట్టు లాంటిది. ప్రతి కొమ్మకీ దాని సబ్‌క్వెరీ దానికే ఉండాలి. బిల్లు ఎలిమెంట్ లోపల చీరల కోసం ఒక సబ్‌క్వెరీ, చెల్లింపుల కోసం మరొకటి రాసి, ఒక్కోదాన్నీ ఎక్స్‌ఎంఎల్‌ఆగ్‌తో పోగు చేయండి. వరుస క్రమం కావాలంటే ఆర్డర్ బై ఆ ఫంక్షన్ లోపలే రాయాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే లోపలి క్వెరీ చివర టైప్ అని చేర్చడం మరిచిపోకండి. లేకపోతే లోపలి ట్యాగ్‌లు మామూలు అక్షరాలైపోయి, < గుర్తుకు బదులు దాని కోడ్ కనిపిస్తుంది.

అన్ని ట్యాగ్‌లూ ఉన్నాయి, అయినా "దిస్ ఎలిమెంట్ ఈజ్ నాట్ ఎక్స్‌పెక్టెడ్" అంటోంది

పదిలో ఎనిమిదిసార్లు వరుస క్రమమే కారణం. స్కీమాలో సీక్వెన్స్ అని ఉంటే ఆ క్రమంలోనే రావాలి. టేబుల్‌లో కాలమ్‌ల క్రమం అక్కరకు రాదు. కాబట్టి సెలెక్ట్ స్టార్ వాడకండి. ఎర్రర్ చివర బ్రాకెట్లలో ఏ పేరు రావాల్సి ఉందో రాసి ఉంటుంది, ముందు అది చదవండి.

నల్ ఉన్నచోట ఏం రాయాలి? ఖాళీ ట్యాగ్ పెట్టినా ఒప్పుకోవట్లేదు

డేటాబేస్‌లో నల్, అంటే విలువే లేదనడం, ఒక్కటే. ఎక్స్‌ఎంఎల్‌లో దాన్ని మూడు రకాలుగా రాయొచ్చు, మూడింటి అర్థాలూ వేరు. ట్యాగ్ అసలు రాయకపోవడం ఒకటి. ట్యాగ్ రాసి లోపల ఖాళీగా వదలడం రెండోది. ట్యాగ్ రాసి, "ఇది నిల్" అని ఎక్స్‌ఎస్‌ఐ నేమ్‌స్పేస్‌లోని యాట్రిబ్యూట్‌తో చెప్పడం మూడోది.

కనీసం సున్నాసార్లు అని స్కీమాలో ఉంటే ట్యాగ్ మానేయండి, అన్నిటికంటే శుభ్రమైన దారి అదే. నిలబుల్ అని ఉంటే మూడో పద్ధతి. ఖాళీ ట్యాగ్ మామూలు స్ట్రింగ్‌కు మాత్రమే చెల్లుతుంది. తేదీకో డబ్బుకో ఖాళీ ట్యాగ్ పెడితే ఖాళీ అనేది తేదీ కాదు కాబట్టి తప్పవుతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో, ఒరాకిల్‌లో ఎక్స్‌ఎంఎల్‌ఫారెస్ట్ నల్ ఉన్న కాలమ్‌ను తనే వదిలేస్తుంది, ఎక్స్‌ఎంఎల్‌ఎలిమెంట్ మాత్రం ఖాళీ ట్యాగ్ రాస్తుంది. ఈ ఒక్క తేడా తెలియక రోజులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలుగా వదిలేస్తుంది. నిల్ కావాలంటే ఎలిమెంట్స్ ఎక్స్‌ఎస్‌ఐనిల్ అని అడగాలి. ఒరాకిల్‌కు ఖాళీ స్ట్రింగ్ కూడా నల్లే, అది గుర్తుంచుకోండి.

ఇక తప్పనిసరి ఎలిమెంట్‌కి నల్ ఉంటే? "ఎన్ఏ" అనో, 1900 జనవరి 1 అనో నింపేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. అవతలివాళ్లు దాన్ని నిజమని నమ్ముతారు. ఆ బిల్లును పక్కన పెట్టి, జాబితా రాసి, కొట్టువాళ్లకు ఇచ్చి సరిచేయించండి.

బరంపురం బిల్లుకు రెండు పన్నులు, ఇచ్ఛాపురం బిల్లుకు ఒకటే. స్కీమాలో రెండూ ఉన్నాయి, ఏది రాయాలి?

స్కీమాలో అక్కడ చాయిస్ అని ఉందేమో చూడండి. ఉంటే రెండు దారుల్లో ఒక్కటే రాయాలి. ఒడిశా లోపల అమ్మితే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ. సరిహద్దు దాటించి ఇచ్ఛాపురం వ్యాపారికి సరుకు పంపితే ఐజీఎస్‌టీ. టేబుల్‌లో మూడు కాలమ్‌లూ ఉండి, వర్తించని చోట సున్నా వేసి ఉంటుంది. ఆ సున్నాను కూడా ట్యాగ్‌గా రాస్తే చాయిస్ నియమం తప్పినట్టే. జీఎస్‌టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. అయితే కేస్ షరతు రాసేటప్పుడు ఆ అంకెలను కాకుండా బిల్లులో రాసిన సరఫరా స్థలాన్ని చూడండి.

ప్రైమరీ కీని (టేబుల్‌లో ఒక్కో వరుసను గుర్తించే నంబర్‌ని) ఐడీగా పెడితే ఎర్రర్ వస్తోంది

ఎక్స్‌ఎస్‌డిలోని ఐడీ రకం అంకెతో మొదలుకాకూడదు. 1045 చెల్లదు, ముందు ఒక అక్షరం చేర్చాలి. ఇంకోటి: ఐడీ ఫైల్ మొత్తానికీ ఒక్కటే ఉండాలి. ఖాతాదారు 5, బిల్లు 5 రెండూ ఉంటే గొడవే. అందుకే టేబుల్‌ను బట్టి వేర్వేరు ముందక్షరాలు పెట్టుకోండి.

## తేదీలు, అంకెలు

తేదీ, డబ్బు సరిగ్గానే ఉన్నాయి కదా, ఎందుకు తప్పంటోంది?

తేదీ 2024-03-31 లాగే ఉండాలి, 31-03-2024 కాదు. సమయం కూడా ఉంటే మధ్యలో ఖాళీ కాకుండా ఇంగ్లీషు టీ అక్షరం రావాలి. టైమ్‌జోన్ అడిగితే +05:30. మైఎస్‌క్యూఎల్‌లో పాత టేబుళ్లలో ఉండే అన్నీ సున్నాల తేదీ ఎక్కడా చెల్లదు. డబ్బులో కామాలు, రూపాయి గుర్తు ఉండకూడదు: 1,25,000 అని కాకుండా 125000.00 అని రాయాలి. ఫ్లోట్ కాలమ్ అయితే పెద్ద విలువలు కొన్నిసార్లు ఘాతాంకంతో వస్తాయి, డెసిమల్ రకం దాన్ని ఒప్పుకోదు. అవును, కాదు అనే కాలమ్‌లో 1, 0 చెల్లుతాయి. వై, ఎన్ చెల్లవు.

అకౌంట్ నంబర్ ముందున్న సున్నాలు మాయమయ్యాయి

ఆ కాలమ్ పూర్ణాంకం రకంలో ఉంది, అందుకే. ఒక చేనేత సంఘానికి మజూరీ చెల్లింపు ఫైల్ తయారు చేసినప్పుడు నాకిది ఎదురైంది. స్కీమా దాన్ని తప్పని చెప్పలేదు, ఎందుకంటే అక్కడ పొడవు గరిష్ఠం మాత్రమే ఇచ్చారు. సున్నాలు పోయిన నంబర్లన్నీ తిరిగొచ్చాయి, ఆ నెల కొంతమంది నేతగాళ్లకు కూలీ ఆలస్యమైంది. అప్పటి నుంచి ఒకటే నియమం పెట్టుకున్నాను: కూడికలు, తీసివేతలు చేయని నంబర్ నంబరే కాదు. అకౌంట్, ఫోన్, పిన్, ఆధార్, అన్నీ స్ట్రింగులే.

పిన్ కోడ్‌కు ఆరు అంకెలు అని పెట్టాం, తెలుగు అంకెలు వచ్చినా పాసైపోతోంది

మీ ప్యాటర్న్‌లో బ్యాక్‌స్లాష్ డి వాడి ఉంటారు. ఎక్స్‌ఎస్‌డిలో దానికి "యూనికోడ్‌లోని ఏ లిపి అంకైనా" అని అర్థం. తెలుగు అంకెలూ, ఒడియా అంకెలూ, దేవనాగరి అంకెలూ అన్నీ చెల్లుతాయి. మన దగ్గర ఒడియా కీబోర్డుతో ఎంట్రీ చేసేవాళ్లు ఉంటారు కాబట్టి ఇది ఊహ కాదు. స్కీమా మీదే అయితే చదరపు బ్రాకెట్లలో 0-9 అని రాయండి.

## పేర్లు, లిపులు

తెలుగు, ఒడియా పేర్లు ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి

ప్రశ్నార్థకం కనబడిందంటే అక్షరం దారిలో ఎక్కడో నిజంగానే పోయింది, దాన్ని వెనక్కి తేలేం. డబ్బాలు కనిపిస్తే మాత్రం సాధారణంగా డేటా బాగానే ఉంటుంది, ఫాంట్ లేదంతే. ప్రశ్నార్థకాలకు మూడు చోట్ల వెతకండి: కాలమ్ రకం, కనెక్షన్ ఎన్‌కోడింగ్, ఫైల్ రాసే చోటు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వార్‌చార్ కాకుండా ఎన్‌వార్‌చార్ ఉండాలి. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ లాటిన్1లో ఉంటే యూటీఎఫ్8ఎంబీ4కి మార్చాలి. ఫైల్ యూటీఎఫ్-8లో రాయాలి, మొదటి లైన్‌లో చెప్పిన ఎన్‌కోడింగూ నిజంగా రాసిన ఎన్‌కోడింగూ ఒకటే కావాలి.

పాత రికార్డుల్లో తెలుగు పేర్లు "అను" అనే ఫాంట్లతో, ఒడియావి "ఆకృతి" అనే ఫాంట్లతో టైప్ చేశారు. అలాగే పంపొచ్చా?

పంపితే స్కీమా పాస్ చేస్తుంది. అదే ప్రమాదం. ఆ ఫాంట్లలో డేటా నిజానికి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. తెరమీద తెలుగు బొమ్మ, ఒడియా బొమ్మ కనిపిస్తుంది. స్ట్రింగ్ కాబట్టి స్కీమా ఏమీ అనదు, అవతలివాళ్ల తెరమీద మాత్రం అర్థంలేని చెత్త కనిపిస్తుంది. ముందు యూనికోడ్‌కు మార్చుకోవాలి. ఏ రికార్డు ఏ ఫాంటుదో గుర్తుపట్టి, ఒక్కో ఫాంటుకీ వేరే కన్వర్టర్‌తో నడిపించి, ఆ తర్వాత మనిషి కూర్చుని చదివి సరిచూడాలి. వత్తులు జారిపోతాయి. ఒక తెలుగు చదివేవాళ్లూ ఒక ఒడియా చదివేవాళ్లూ పక్కపక్కన కూర్చుంటే రోజుకు చాలా పేర్లు తేలుతాయి. మనిషి పేరు తప్పుగా పోవడం చిన్న విషయం కాదు.

పేరు చూస్తే చిన్నదే, స్కీమా 35 అక్షరాలు ఇచ్చింది. అయినా పొడవు ఎక్కువైందంటోంది

మనం లెక్కపెట్టే అక్షరం వేరు, ఎక్స్‌ఎస్‌డి లెక్కపెట్టే అక్షరం వేరు. "పర్లాకిమిడి" అంటే మనకు ఐదు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో పదకొండు, ఎందుకంటే గుణింతమూ, పొల్లూ, వత్తూ విడివిడిగా లెక్కకు వస్తాయి. యూటీఎఫ్-8 బైట్లలో అయితే ముప్ఫై మూడు. ఎక్స్‌ఎస్‌డి గరిష్ఠ పొడవు పదకొండునే చూస్తుంది. ఒరాకిల్ వార్‌చార్2 మాత్రం మీరు వేరే చెప్పకపోతే బైట్లు లెక్కపెడుతుంది. అంటే 35 అని పెట్టిన కాలమ్‌లో ఒక్క ఊరి పేరుకే చోటు సరిపోతుంది.

కత్తిరించాల్సి వస్తే 35 దగ్గర గుడ్డిగా కోయకండి. పొల్లు దగ్గర తెగి వేరే మాటలా కనిపిస్తుంది. పదం చివరికి వెనక్కి వచ్చి కోయండి. ఒడియాలో చుక్క పెట్టిన డ ఒక కోడ్‌గానూ ఉండొచ్చు, రెండు కోడ్లుగానూ ఉండొచ్చు. ఎన్ఎఫ్‌సీ (యూనికోడ్ చెప్పే ఒక ప్రామాణిక రూపం) రూపానికి మారిస్తే అది రెండు కోడ్లవుతుంది. అందుకే మార్చిన తర్వాతే పొడవు చూడండి.

స్కీమా ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అడుగుతోంది. మన ఇంటిపేరు ఎక్కడ పెట్టాలి?

ఇంటిపేరు లాస్ట్ నేమ్‌లోకి వెళ్లాలి, ముందు రాసినా సరే. ఇక్కడ చిక్కు ఏమిటంటే మన రికార్డుల్లో పేరంతా ఒకే కాలమ్‌లో ఉంటుంది. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందు, ఒడియావాళ్ల ఇంటిపేరు చివర. "మొదటి ఖాళీ దగ్గర విడగొట్టు" అనే కోడ్ సగం మందికి తప్పుతుంది. పైగా చాలామంది తెలుగువాళ్ల ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగానే ఉంటుంది. విడగొట్టే పని ప్రోగ్రామ్‌కు వదలకండి. రెండు కొత్త కాలమ్‌లు చేర్చి ఖాతాదారును అడిగి నింపించండి. స్కీమాలో పూర్తి పేరు అనే ఎలిమెంట్ కూడా ఐచ్ఛికంగా ఉంటే, అదే వాడండి.

ట్యాగ్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చా?

స్కీమా మీదే అయితే పెట్టుకోవచ్చు. <బిల్లు> అనేది నిఖార్సైన ఎక్స్‌ఎంఎల్ ట్యాగే. పేరులో అక్షరాలను విడదీసే కనబడని గుర్తు, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్, లేకుండా చూసుకోండి. 2008లో వచ్చిన ఐదో కూర్పు దాన్ని ఒప్పుకుంది, అంతకుముందు నియమాలతో నడిచే పార్సర్లు ఒప్పుకోవు. అవతలివాళ్ల స్కీమా అయితే వాళ్ల పేర్లే, అక్షరం పొల్లుపోకుండా. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా లెక్కే.

## చెక్ చేసి పంపేటప్పుడు

ట్యాగ్ స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది, క్రమం కూడా సరే. అయినా గుర్తుపట్టట్లేదు

నేమ్‌స్పేస్, అంటే ట్యాగ్ ఏ స్కీమాదో చెప్పే ఇంటిపేరు లాంటిది. స్కీమా పైభాగంలో టార్గెట్ నేమ్‌స్పేస్ ఏముందో, ఎలిమెంట్ ఫామ్ డిఫాల్ట్ క్వాలిఫైడ్ అని ఉందో లేదో చూడండి. క్వాలిఫైడ్ అయితే లోపలి ట్యాగ్‌లన్నీ ఆ నేమ్‌స్పేస్‌లో ఉండాలి, రూట్‌లో ఒక డిఫాల్ట్ ప్రకటన చాలు. ఆ మాటే లేకపోతే అన్‌క్వాలిఫైడ్ అని అర్థం: రూట్‌కే నేమ్‌స్పేస్, లోపల ప్రకటించిన ట్యాగ్‌లకు ఉండకూడదు. అప్పుడు డిఫాల్ట్ ప్రకటన పెడితే పిల్లలందరూ తప్పు ఇంట్లో చేరినట్టవుతుంది. రూట్‌కు ప్రిఫిక్స్ వాడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ప్రతి సబ్‌క్వెరీలోనూ అదే ప్రకటన మళ్లీ రాస్తుంది. చూడ్డానికి బాగోదు, ఫైల్ పెరుగుతుంది, కానీ తప్పు కాదు.

దేనితో చెక్ చేయాలి?

ఎక్స్‌ఎంఎల్‌లింట్ ఉచితం, చాలా లినక్స్‌లలో సులువుగా దొరుకుతుంది. పైథాన్‌లో ఎల్‌ఎక్స్‌ఎంఎల్ కూడా అదే ఇంజిన్. రెండూ ఎక్స్‌ఎస్‌డి 1.0 వరకే. 1.1 స్కీమా అయితే పైథాన్‌లోని ఎక్స్‌ఎంఎల్‌స్కీమా లైబ్రరీ పనికొస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్ రకం ఎక్స్‌ఎంఎల్ అని పెట్టినంత మాత్రాన స్కీమా తనిఖీ జరగదు. ఫైల్‌లో స్కీమా లొకేషన్ రాసినా అది సూచన మాత్రమే, స్కీమా ఫైల్‌ను మీరే విడిగా ఇచ్చి నడపండి.

వాలిడేషన్ పాసైంది. అయినా ఫైల్ తిప్పి పంపారు

స్కీమా ఆకారం చూస్తుంది, నిజం చూడదు. బ్యాంకులు వాడే ఐఎస్‌ఓ 20022 చెల్లింపు ఫైల్‌నే తీసుకోండి. పైన ఎన్ని చెల్లింపులున్నాయో, మొత్తం ఎంతో రాసే ఎలిమెంట్లు ఉంటాయి. 1.0 స్కీమా ఆ అంకె రకాన్ని చూస్తుంది గానీ కింది వరుసలు కూడి చూడదు. చాలాసార్లు తేడా ఇలా వస్తుంది: మీరు మొత్తం ఒక క్వెరీతో తీశారు, వరుసలు ఇంకో క్వెరీతో తీశారు, మధ్యలో కొట్టులో ఎవరో ఇంకో బిల్లు కొట్టారు. పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్‌గా ప్రతి క్వెరీ ఆ క్షణం ఉన్న డేటానే చూస్తుంది. ఎగుమతి మొత్తాన్ని ఒకే ట్రాన్సాక్షన్‌లో, రిపీటబుల్ రీడ్‌లో (మొదట చూసిన డేటానే చివరిదాకా చూసే పద్ధతిలో) నడపండి. పంపే ముందు ఎక్స్‌ఎంఎల్ నుంచే మళ్లీ కూడి, డేటాబేస్ మొత్తంతో పోల్చండి.

ఏడాది బిల్లులన్నీ తీస్తే మెమరీ చాలక ఆగిపోతోంది

చెట్టు మొత్తం మెమరీలో కట్టకండి. ఒక బిల్లు రాసి, ఫైల్‌లో వేసి, వదిలేసి, తర్వాతది తీసుకోండి. జావాలో స్టాక్స్, పీహెచ్‌పీలో ఎక్స్‌ఎంఎల్‌రైటర్, పైథాన్ ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఎక్స్‌ఎంఎల్‌ఫైల్ ఇందుకే ఉన్నాయి. రాసేది ఒక్కొక్కటిగా అయినా చదివేది ఒకేసారి అయితే లాభం లేదు. పైథాన్‌లో సైకోపీజీ2 మామూలు కర్సర్ ఫలితమంతా మీ కంప్యూటర్‌కే తెచ్చుకుంటుంది, పేరు పెట్టిన కర్సర్ వాడితే కొంచెం కొంచెంగా తెస్తుంది.

వాళ్లు కొత్త ఎక్స్‌ఎస్‌డి పంపారు. పాత కోడ్ అంతా మళ్లీ రాయాలా?

ముందు పాత స్కీమానూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు తీయండి. తర్వాత కిందటి నెల పంపిన ఫైల్‌ను కొత్త స్కీమాతో చెక్ చేయండి. వచ్చిన ఎర్రర్లే మీ పని జాబితా. కొత్తగా చేరిన ఐచ్ఛిక ఎలిమెంట్లకు తొందరలేదు; తప్పనిసరైనవి, తగ్గిన పొడవులు, మారిన నేమ్‌స్పేస్, వీటిని ముందు చూడండి. పాత స్కీమా ఫైల్‌ను చెరపకండి. కిందటేడాది బిల్లు ఎవరైనా మళ్లీ అడిగితే దాన్ని ఆనాటి స్కీమాతోనే చెక్ చేయాలి.